లీగ్ టూ క్లబ్బు పిలిచింది, మా అబ్బాయిని పంపమంటారా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా దక్షిణ ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి పదహారేళ్లు. పన్నెండో ఏట నుంచి ఇక్కడి లీగ్ టూ క్లబ్బు అకాడమీలో సెంటర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్‌గా ఆడుతున్నాడు. ఇప్పుడు ఆ క్లబ్బు రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తామని ఉత్తరం పంపింది. మా వారు ససేమిరా అంటున్నారు. వాడికి జీసీఎస్‌ఈలో (మన పదో తరగతి లాంటి పరీక్ష) మంచి గ్రేడ్లు వస్తాయని టీచర్లు చెబుతున్నారు, ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) చదివి ఇంజినీరింగ్‌లో చేరాలని ఆయన పట్టు. సికింద్రాబాద్‌లో ఉన్న మా మామగారు ‘అంత దూరం వెళ్లింది బంతి తన్నడానికా?’ అని అడుగుతున్నారు. వాడిని అడిగితే ‘మీ ఇష్టం’ అని ఊరుకుంటాడు. అసలు ఈ కింది లీగుల్లో డిఫెండర్ జీవితం ఎలా ఉంటుంది? తలతో బంతిని కొట్టీ కొట్టీ మెదడు దెబ్బతింటుందని చదివాను, ఆ భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?
– పేరు ప్రచురించవద్దన్న ఒక తల్లి

సమాధానం:

అమ్మా, నా అభిప్రాయం ముందే చెబుతాను. పంపండి. అయితే చదువు తెగిపోకుండా చూసుకుని, ఆ జీవితం ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదీ తెలుసుకున్నాకే పంపండి.

చేతికి వచ్చిన ఉత్తరం విలువ ఎంతో మొదట చూద్దాం. ఇంగ్లండ్‌లో పై నాలుగు అంచెల్లో ఉన్నవి 92 క్లబ్బులు. ప్రీమియర్ లీగ్‌లో 20, ఛాంపియన్‌షిప్‌లో 24, లీగ్ వన్‌లో 24, లీగ్ టూలో 24. మీ వాడిని పిలిచింది ఆఖరి అంచెలోని క్లబ్బే కావచ్చు, కానీ ఆ అంచె దాకా రావడమే పెద్ద విషయం. ఎనిమిదో ఏటా తొమ్మిదో ఏటా అకాడమీల్లో చేరే పిల్లల్లో చాలామందికి ఈ ఉత్తరం రాదు. అలాగని ఇది ఉద్యోగమేమీ కాదు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆట నేర్పుతూ, చదువు చెప్పిస్తూ, జేబు ఖర్చులకు కొంత ఇచ్చే శిక్షణ ఇది. రెండో ఏడాదిలో క్లబ్బు పిలిచి ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇస్తామనో, ఇవ్వలేమనో చెబుతుంది. ఇవ్వలేమన్న మాట వినే పిల్లలే ఎక్కువ. మీ వారి భయం అందుకే, ఆ భయంలో తప్పేమీ లేదు. ఆయనను ఓడించాలని చూడకండి, ఆయన అడిగే ప్రశ్నలనే క్లబ్బును అడగండి.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. పద్దెనిమిదేళ్లకు కాంట్రాక్టు వచ్చిందనుకుందాం. చాలావరకు అది ఏడాదికే వస్తుంది, మహా అయితే రెండేళ్లకు. పక్కన ‘మరో ఏడాది పొడిగించే హక్కు క్లబ్బుది’ అని ఒక వాక్యం ఉంటుంది. కాంట్రాక్టులు జూన్ 30తో ముగుస్తాయి. సీజన్ అయిపోగానే, మే నెలలో, ప్రతి క్లబ్బూ ఎవరిని ఉంచుకుంటోందో, ఎవరిని వదులుకుంటోందో జాబితా ప్రకటిస్తుంది. తమ పేరు ఏ వైపు ఉంటుందో ముందే తెలిసిపోయేవారు కొందరు, మేనేజరు గదిలోకి పిలిచేదాకా తెలియనివారు కొందరు. మన దగ్గర కౌలు రైతు ఏటా భూమి కోసం మళ్లీ మాట్లాడుకోవలసి వచ్చినట్టే ఉంటుంది వీళ్ల పరిస్థితి. పెళ్లయి, పిల్లలను బడిలో చేర్పించిన ముప్పై ఏళ్ల డిఫెండర్‌కు ఆ మే నెల ఎంత భారంగా గడుస్తుందో ఊహించుకోండి. పత్రికల్లో కనిపించే ప్రీమియర్ లీగ్ జీతాలను లీగ్ టూకు అన్వయించవద్దు. ఇక్కడ ఆడేవారిలో చాలామంది రిటైరయ్యాక మరో పని చేసుకోవలసినవారే.

ఒక సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లే 46. ఎఫ్ఏ కప్, లీగ్ కప్, ఈఎఫ్ఎల్ ట్రోఫీ అనే విడి పోటీలు వీటికి అదనం. శనివారం మధ్యాహ్నం ఒకటి ఆడి, మళ్లీ మంగళవారం రాత్రి ఇంకొకటి. క్రిస్మస్ మరునాడు కూడా మ్యాచ్ ఉంటుంది. 2019–20లో కార్లైల్, ప్లిమత్ రెండూ లీగ్ టూలోనే ఉండేవి. ఒకటి స్కాట్లాండ్ సరిహద్దు దగ్గర, ఇంకొకటి నైరుతి కొసన, మధ్య దూరం దాదాపు 390 మైళ్లు. ఇలాంటి ప్రయాణాలు చాలావరకు బస్సులోనే సాగుతాయి.

మీ వాడు ఆడే స్థానం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నిర్ణయంలో సగం దానిమీదే ఉంది. ఈసారి మ్యాచ్‌కు వెళ్తే గోల్ వెనుక నిలబడండి. కార్నర్ వస్తున్నప్పుడు బంతిని చూడకండి, మీ అబ్బాయిని చూడండి. ఒక చేయి ప్రత్యర్థి నడుముకు ఆనించి, మెడ తిప్పి తన వెనుక ఎవరున్నారో చూసుకుంటూ, ఫుల్ బ్యాక్‌ను ఇటు జరుపుతూ, మిడ్‌ఫీల్డర్‌ను ఎవరి మీద ఉండాలో కేకేసి చెబుతూ ఉంటాడు. బంతి గాలిలో ఉన్నంతసేపూ అతని గొంతు వినిపిస్తూనే ఉంటుంది. లీగ్ టూలో పొడుగాటి త్రోలు, ఫ్రీకిక్‌లు, గోల్ ముందుకు ఎత్తి వేసే బంతులు ఎక్కువ. గెలుపోటములు అక్కడే తేలతాయి. గోల్ కొట్టినవాడి పేరు పత్రికలో వస్తుంది. అరవై నిమిషాల పాటు రెండు అడుగులు ముందే కదిలి ప్రమాదం రాకుండా చూసినవాడి పని స్టాండ్లలో ఏళ్ల తరబడి కూర్చునేవారికే కనిపిస్తుంది. వాళ్లకు మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే చిన్న ఊళ్లలో అభిమానులు ప్రాణంలా చూసుకునే కెప్టెన్లలో సెంటర్ బ్యాక్‌లు చాలామంది.

ఇంకో సంగతి. డిఫెండర్లు ఆలస్యంగా ఎదుగుతారు. ఒడుపుగా పరిగెత్తే వింగర్‌లో ఏముందో పదిహేడేళ్లకే తెలిసిపోతుంది. సెంటర్ బ్యాక్‌కు కావలసిన శరీరం, ఆటను ముందే పసిగట్టే చూపు, తప్పు చేశాక కుంగిపోని మనసు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు గానీ కుదురుకోవు. పద్దెనిమిదేళ్లకు వద్దన్నారంటే ఎప్పటికీ పనికిరాడని అర్థం కాదు. డాన్ బర్న్‌ను చూడండి. న్యూకాసిల్ అభిమానిగా పెరిగాడు, ఆ క్లబ్బు చిన్నప్పుడే వదిలేసింది. సూపర్ మార్కెట్‌లో ట్రాలీలు తోశాడు. 2009లో డార్లింగ్‌టన్‌లో ఆడటం మొదలుపెడితే, ఆ సీజన్‌లోనే ఆ జట్టు లీగ్ టూ నుంచి కిందికి పడిపోయింది. తర్వాత ఫుల్‌హామ్, అక్కడి నుంచి లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) యోవిల్, బర్మింగ్‌హామ్, ఆ పైన విగాన్, బ్రైటన్. 2022లో న్యూకాసిల్ అతన్ని కొనుక్కుంది. 2025 మార్చి 16న లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ మీద హెడర్‌తో, అంటే తలతో, గోల్ కొట్టాడు. దేశీయ పెద్ద ట్రోఫీ కోసం న్యూకాసిల్ 1955 నుంచి చూస్తున్న ఎదురుచూపు ఆ రోజు తీరింది. అదే వారంలో, 32 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్ జట్టుకు తొలి మ్యాచ్ ఆడాడు.

టైరోన్ మింగ్స్‌ను సౌతాంప్టన్ అకాడమీ వదిలేసింది. గృహరుణాల సలహాదారుగా పనిచేస్తూ యేట్ టౌన్, చిప్పెన్‌హామ్ టౌన్ లాంటి చిన్న జట్లకు ఆడాడు. ఇప్స్‌విచ్ తీసుకుంది, 2015లో బోర్న్‌మత్ కొనుక్కుంది. ఆ క్లబ్బు తరఫున తొలి లీగ్ మ్యాచ్‌లో మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. అయినా నిలదొక్కుకుని ఇంగ్లండ్‌కు ఆడాడు. ఈ రెండు కథలూ మీ ఇంట్లో చెప్పుకోండి. కానీ వీటిని లెక్కగా చూపించి మీ వారిని ఒప్పించకండి. ఇలాంటి ఒక్కొక్కరి వెనుకా పేరు వినిపించకుండా ఆట వదిలేసినవారు వందల మంది ఉంటారు.

నన్నడిగితే మీ వాడికి చెప్పవలసిన జీవితం గ్రాహం అలెగ్జాండర్‌ది. రైట్ బ్యాక్. స్కన్‌థార్ప్‌లో మొదలై, లూటన్, ప్రెస్టన్, బర్న్‌లీల మీదుగా సాగాడు. ప్రీమియర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడేనాటికి అతనికి 37 ఏళ్లు. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ప్రతి వారం కింది అంచెల్లో అదే శ్రద్ధతో ఆడుతూ వచ్చాడు. మొత్తం వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు. గోల్‌కీపర్లు కాకుండా ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ఆ మాట చెప్పుకోగలిగినవారు చాలా అరుదు. 2012 ఏప్రిల్‌లో ప్రెస్టన్ సొంత మైదానంలో తన చివరి మ్యాచ్ ఆఖరి క్షణాల్లో ఫ్రీకిక్‌తో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. తర్వాత మేనేజరయ్యాడు, 2025లో బ్రాడ్‌ఫర్డ్ సిటీని లీగ్ టూ నుంచి లీగ్ వన్‌కు తీసుకెళ్లాడు. మోకాళ్లు మొరాయించాక కూడా ఆటలోనే గౌరవంగా బతికే దారి ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి మనిషి నాకు తెలియదు.

మన రంగు, మన పేర్లు ఉన్న పిల్లవాడికి అక్కడ చోటుంటుందా అనే ప్రశ్న మీ ఉత్తరంలో లేదు. మీ మనసులో మాత్రం ఉండే ఉంటుంది. ఉన్నవారు తక్కువే. కానీ ఉన్నారు, వారిలో డిఫెండర్లూ ఉన్నారు. బంగ్లాదేశీ తండ్రికి తూర్పు లండన్‌లో పుట్టిన అన్వర్ ఉద్దీన్ సెంటర్ బ్యాక్. డేగన్‌హామ్ అండ్ రెడ్‌బ్రిడ్జ్ క్లబ్బు 2007లో మొట్టమొదటిసారి ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే పై నాలుగు అంచెల్లోకి, అడుగుపెట్టినప్పుడు దాని కెప్టెన్ ఆయనే. పంజాబీ మూలాలున్న డానీ బాత్ 2013–14లో వుల్వ్స్ 103 పాయింట్లతో లీగ్ వన్ గెలిచిన జట్టులో సెంటర్ బ్యాక్, తర్వాత ఆ క్లబ్బు కెప్టెన్. ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ల సంఘం పీఎఫ్ఏ దక్షిణాసియా మూలాలున్న ఆటగాళ్ల కోసం మెంటర్లను కుదిర్చే పథకం నడుపుతోంది. సంతకం పెట్టినా పెట్టకపోయినా వాళ్లకు ఒకసారి రాయండి. ఇదే దారిలో నడిచిన పెద్దవాళ్లతో మాట్లాడితే మీ వాడి భయం సగం తగ్గుతుంది.

తల గురించిన మీ భయం నిజమైనదే. దాన్ని నేను తేలిక చేయను. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో డాక్టర్ విల్లీ స్టూవర్ట్ బృందం స్కాట్లాండ్‌కు చెందిన 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల వివరాలు పరిశీలించింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం సాధారణ జనం కంటే వీరిలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో తేల్చింది. 2021లో స్థానాల వారీగా చూస్తే ఈ జబ్బుల ముప్పు డిఫెండర్లకు అందరికంటే ఎక్కువ, దాదాపు ఐదు రెట్లు. గోల్‌కీపర్లకు మామూలు జనానికి ఉన్నంతే. ఎక్కువ కాలం ఆడినవారికి ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆ ఆటగాళ్లంతా 1977కు ముందు పుట్టినవారు, వాళ్ల కాలపు సాధన పద్ధతులు వేరు. అందుకని ఇదే అంకె మీ వాడికి యథాతథంగా వర్తిస్తుందని ఎవరూ అనలేరు, వర్తించదనీ అనలేరు. 2021–22 సీజన్ నుంచి శిక్షణలో వారానికి పదికి మించి బలమైన హెడర్లు వద్దని ఇంగ్లిష్ ఫుట్‌బాల్ సంఘాలు సూచించాయి. దూరం నుంచి వచ్చే బంతులు, క్రాస్‌లు, కార్నర్లు, ఫ్రీకిక్‌లు ఈ లెక్కలోకి వస్తాయి. క్లబ్బు వాళ్లను కలిసినప్పుడు ఈ ప్రశ్న మీరే అడగండమ్మా: ‘వారానికి ఎన్ని హెడర్లు? లెక్క ఎవరు రాస్తారు? తలకు దెబ్బ తగిలితే మ్యాచ్‌లోంచి దించే నిర్ణయం డాక్టరుదా, కోచ్‌దా?’ తడబడకుండా జవాబు చెప్పే క్లబ్బును నమ్మవచ్చు. విసుక్కుంటే మాత్రం, ఎంత మంచి ఆఫరైనా నేను వెనక్కి రమ్మంటాను. మీ వాడికి కూడా ఒకటి చెప్పి ఉంచండి. తల తిరుగుతున్నా, చూపు మసకబారినా ఆడతానని పట్టుబట్టడం ధైర్యం కాదు.

క్లబ్బే కూలిపోయే ప్రమాదం ఒకటుంది, దీని గురించి అకాడమీ వాళ్లు మీతో మాట్లాడరు. 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన బరీ ఉదంతం చూడండి. మన భైచుంగ్ భూటియా 1999లో వెళ్లి ఆడిన క్లబ్బు అదే. 2019 వసంతంలో లీగ్ టూ నుంచి లీగ్ వన్‌కు ఎక్కింది. యాజమాన్యం డబ్బు సమస్యలతో అదే ఏడాది ఆగస్టు 27న లీగ్ నుంచి వెలివేశారు. మైదానంలో గెలిచి పైకి వెళ్లిన ఆటగాళ్లే జీతాలు అందక, సీజన్ మొదలయ్యాక కొత్త క్లబ్బులు వెతుక్కోవలసి వచ్చింది. మరుసటి ఏడాది మాక్లెస్‌ఫీల్డ్ కూడా మూతపడింది. మిమ్మల్ని పిలిచిన క్లబ్బు యజమాని ఎవరు, జీతాలు వేళకు ఇస్తోందా, లీగ్ ఎప్పుడైనా పాయింట్లు కోసిందా అన్నవి స్థానిక పత్రిక వెతికితే తెలుస్తాయి. ఈ పని మీ వారికి అప్పగించండి. ఆయన దీన్ని శ్రద్ధగా చేస్తారు, పక్కన నిలబడి కాదనే బదులు నిర్ణయంలో భాగమవుతారు.

చదువు విషయంలో నేను మీ వారి పక్షమే. ప్రీమియర్ లీగ్ కింది మూడు అంచెలను నడిపే ఈఎఫ్ఎల్‌లోని క్లబ్బుల స్కాలర్లకు మామూలుగా స్పోర్ట్ విషయంగా బీటెక్ లెవెల్ త్రీ లాంటి కోర్సు చెప్పిస్తారు. పేరు చూసి మన ఇంజినీరింగ్ బీటెక్ అనుకోకండి, ఇది ఇక్కడి వృత్తివిద్యా కోర్సు. పూర్తిస్థాయి డిప్లొమా మంచి గ్రేడ్‌తో పాసైతే విశ్వవిద్యాలయాల్లో చేరవచ్చు. క్రీడాశాస్త్రం వైపు వెళ్లేవారికి అది సరిపోతుంది. ఇంజినీరింగ్ తలుపు తెరిచి ఉండాలంటే మాత్రం ఏ-లెవెల్ గణితం తప్పనిసరి అనుకోండి. కొన్ని క్లబ్బులు స్కాలర్లను ఏ-లెవెల్స్ చదువుకోనిస్తాయి, దగ్గరి కాలేజీతో వేళలు కుదుర్చుకుంటాయి. అందుకే నా మొదటి షరతు ఇది: కనీసం గణితం ఏ-లెవెల్ చదవనిస్తామని క్లబ్బు కాగితం మీద రాసివ్వాలి. నోటిమాట వద్దు, కోచ్‌లు మారిపోతుంటారు. పద్దెనిమిదేళ్లకు వదిలేసినా దారులు మూసుకుపోవు. ఇక్కడి విశ్వవిద్యాలయాల జట్లున్నాయి, ఆట మీద ఫీజు తగ్గించే అమెరికా కాలేజీలున్నాయి, ఉద్యోగం చేసుకుంటూ నేషనల్ లీగ్ సౌత్‌లాంటి ఇంకా కింది అంచెల్లో వారానికి రెండు సాయంత్రాలు సాధన చేసే జట్లున్నాయి. కాళ్లు బాగున్నంతకాలం ఆట మిగులుతుంది. గణితం వదిలేస్తే మళ్లీ పట్టుకోవడమే కష్టం.

రెండో షరతు ఏజెంట్ల గురించి. కాంట్రాక్టు వాసన తగలగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, బూట్లు ఇప్పిస్తామంటారు, పెద్ద క్లబ్బు పేరు చెబుతారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలతో పనిచేయడానికి ఏజెంట్‌కు ప్రత్యేక అనుమతి ఉండాలి, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏదీ చెల్లదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ దగ్గర నమోదైనవారి జాబితా ఉంటుంది, అందులో పేరు చూడకుండా ఇంట్లో కూర్చోబెట్టకండి. స్కాలర్‌షిప్ దశలో నా దృష్టిలో ఏజెంట్ అవసరమే లేదు.

మీ మామగారికి ఫోన్ చేసినప్పుడు ఆయన చిన్ననాటి హైదరాబాద్‌ను గుర్తుచేయండి. సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ పెద్దమనిషికి ఫుట్‌బాల్ మనదేనని ఎవరూ చెప్పవలసిన అవసరం లేదు. ఆయన ఆ రోజుల గురించి మనవడితో మాట్లాడితే ఇద్దరికీ మంచిది.

చివరగా ఆ ‘మీ ఇష్టం’ సంగతి. మన ఇళ్లలో పదహారేళ్ల పిల్లవాడు ఆ మాట అన్నాడంటే, తనకు ఇష్టమే కానీ నాన్నతో గొడవ పడలేనని అర్థం. మైదానంలో పదిమందిని గొంతెత్తి నడిపించేవాడు ఇంట్లో నోరు విప్పడం లేదు. దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని ఉత్తరం తిరస్కరిస్తే, ఆ బాధ ముప్పై ఏళ్లకు బయటికి వస్తుంది. ‘వద్దంటే ఏమనుకుంటావు?’ అని కాకుండా, ‘పద్దెనిమిదేళ్లకు క్లబ్బు వదిలేస్తే ఏం చేస్తావు?’ అని అడగండి. అతనే కూర్చుని ఒక కాగితం మీద రాయాలి. రాసినది తండ్రి చదవాలి. దాంతో మీకు వాడి ఇష్టం ఎంత లోతైనదో తెలుస్తుంది, ఆయనకు వాడి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆ తర్వాత ముగ్గురూ కలిసే క్లబ్బుకు వెళ్లండి. అకాడమీ మేనేజరుతో పాటు చదువు వ్యవహారాలు చూసే అధికారి, ఫిజియో కూడా ఉండాలని ముందే అడగండి. గత కొన్నేళ్లలో ఆ క్లబ్బు స్కాలర్లలో ఎంతమందికి కాంట్రాక్టు ఇచ్చిందో, రానివారు ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పమనండి. మీ వాడికంటే రెండు మూడేళ్లు పెద్దవాడైన ఒక డిఫెండర్ తల్లిదండ్రులతో మాట్లాడించమనండి. ఒప్పందం ఇంటికి తెచ్చుకుని, పీఎఫ్ఏ వాళ్లకు చూపించి, గణితం మాట అందులో ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి. క్లబ్బు గడువు తొందరపెడితే ఇంకో వారం అడగండి, ఇస్తారు.